బొమ్మ చేతిలోని తీగ: మరమ్మతు, ప్రాణం, ప్రతిమ

మనిషి రూపాన్ని అచ్చంగా పోలిన బొమ్మ చేతిలో ఎముకల స్థానంలో అమర్చిన లోహపు తీగ తెగినప్పుడు, దాన్ని విప్పి మార్చే పని కేవలం చేతిపనిగానే మిగులుతుందా, లేక ఆ పనికి పూనుకునేముందు తేల్చుకోవలసిన విచారం ఏదైనా ఉందా అన్నది పైకి చిన్నదిగా కనిపించే ప్రశ్న. ప్రతిమను దైవంగా భావించే సంప్రదాయాలూ, దేహాన్నే బొమ్మగా చూపి వైరాగ్యం బోధించిన సంప్రదాయాలూ, అవయవాలకూ వాటితో ఏర్పడే అవయవికీ సంబంధమేమిటని తర్కించిన దర్శనాలూ ఈ ప్రశ్నను వేర్వేరు దారుల్లో ఇదివరకే ఎదుర్కొన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ సిలికోన్ చర్మాన్ని ఎరగకపోయినా, కర్రను గురించీ తాడును గురించీ మట్టిని గురించీ అవి చెప్పిన మాటలు ఈ కొత్త పదార్థాలకు చాలావరకు సరిపోతాయి. కొన్నిచోట్ల సరిపోవు, ఆ సరిపోని చోట్లే ఎక్కువ ఆలోచింపజేస్తాయి.

ముందుగా వస్తువు సంగతి. వస్త్రదుకాణాల్లో నిలబెట్టే మెత్తని బొమ్మలకైనా, పసిబిడ్డను అచ్చుగుద్దినట్టు తయారుచేసే రీబార్న్ బొమ్మలకైనా, నిలువెత్తు మనిషి బొమ్మలకైనా, వేళ్ళు వంగేలా చేసిన చేతిలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. బయటిది సిలికోన్‌తో గాని, టీపీఈ అనే వేడికి కరిగే సాగుడు ప్లాస్టిక్‌తో గాని పోతపోసిన చర్మం. లోపలిది వేలికొకటి చొప్పున అమర్చి, అరచేతిలోనో మణికట్టు దగ్గరో బిగించిన తీగల గుత్తి. ఈ తీగ వేలిని తనంతట కదిలించదు. ఎవరో వంచినప్పుడు వంగి, వంచిన చోటనే దాన్ని నిలిపి ఉంచుతుంది. వంపు అంతా వేలి మొదట్లోనే పడుతుంది కనుక అక్కడ లోహం మొదట బిరుసెక్కి, తరువాత ఉపరితలం మీద కంటికి ఆనని పగులు పుట్టి, అది కొద్దికొద్దిగా లోపలికి పాకి, చివరికి ఏ పెద్ద దెబ్బా తగలకుండానే తీగ తెగిపోతుంది. దీనిని లోహశాస్త్రం ఫెటీగ్ అంటుంది. ఒక్కసారి మోయగల బరువుకన్నా ఎంతో తక్కువ బరువు లెక్కలేనన్నిసార్లు పడటం వల్ల కలిగే వైఫల్యమని దాని అర్థం. పందొమ్మిదో శతాబ్దంలో అగస్ట్ వోలర్ అనే జర్మన్ ఇంజనీరు రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షిస్తూ ఈ విషయాన్ని క్రమబద్ధంగా నిరూపించాడు. తెగిన తీగ మొన చర్మాన్ని లోపలినుంచి పొడిచి బయటికి వస్తుంది కనుక, చూసేవారికి గాయం చర్మానిదిగా కనిపించినా రోగం తీగది. బాగుచేసేవారు అరచేతివైపు సన్నగా కోసి, తెగిన ముక్కలను తీసి, కొత్త తీగ కొసను గుండ్రంగా మలిచి లేదా మెత్తటి తొడుగు వేసి లోపలికి పంపి, సిలికోన్ అయితే సిలికోన్ జిగురుతోనూ టీపీఈ అయితే వేడితోనో ద్రావకంతోనో కోతను మూసివేస్తారు.

ఈ పనికి సంబంధించిన ఆలోచనను జంషెడ్‌పూర్ దక్షిణాన, టాటానగర్ స్టేషనుకు ఆనుకొని ఉన్న బాగ్‌బేరా నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. అది ఒకవైపు రైల్వే కాలనీల, మరోవైపు ఖర్కాయి నది ఒడ్డున పెరిగిన బస్తీల ప్రాంతం. ఇరుసుల, తీగల, వాటి అలసటల జ్ఞానం ఆ నగరానికి బతుకుతెరువు: 1920లో ఏర్పడిన ఇండియన్ స్టీల్ అండ్ వైర్ ప్రాడక్ట్స్ కర్మాగారం అక్కడ తీగలు లాగుతోంది, 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల అక్కడే బర్మామైన్స్‌లో ఉంది. మరి అదే నగరంలో ఏటా సెప్టెంబరు 17 ప్రాంతంలో, సూర్యుడు కన్యారాశిలో ప్రవేశించే రోజున, కర్మాగారాల్లో, రైలు షెడ్లలో, ఆటో స్టాండ్లలో విశ్వకర్మ మట్టి ప్రతిమను నిలిపి, పనిముట్లకు బొట్లు పెట్టి పూజిస్తారు. వెదురు కర్రల మీద గడ్డి చుట్టి, పురికొసతో బిగించి, దానిపై మట్టి మెత్తి చేసే ఆ ప్రతిమలో వేళ్ళు అన్నిటికన్నా పెళుసైన భాగాలు. ఉక్కు పరిశ్రమకూ రైల్వేకూ వలస వచ్చిన తెలుగు కుటుంబాలు బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరాన్ని నిలుపుకొని, ఇళ్ళలో దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టుకుంటూ ఈ ఊరి జీవితంలో భాగమయ్యాయి. కొండపల్లి బొమ్మ చేయి ఊడితే దానికి చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కు అద్ది అతికించడం ఆ ఇళ్ళకు తెలియని విద్య కాదు. కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి ఆ మక్కుతోనే మొదట అతుకుతారు గనుక, అతుకు ఆ బొమ్మకు లోపం కాక పుట్టుకలోనే ఉన్న లక్షణం.

దేహాన్ని లోపలినుంచి కట్టి ఉంచేదేమిటన్న ప్రశ్నకు బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయంలో ఒక సూటి సమాధానం ఉంది. ఈ లోకాన్నీ పరలోకాన్నీ సకల భూతాలనూ గుచ్చి ఉంచిన సూత్రమేది, వాటి లోపల ఉండి నియమించే అంతర్యామి ఎవరు అని ఉద్దాలక ఆరుణి యాజ్ఞవల్క్యుణ్ణి రెండు ప్రశ్నలు అడుగుతాడు. సూత్రం వాయువేనని, అందుకే చనిపోయినవాడి అవయవాలు సడలిపోయాయని లోకులు అంటారని యాజ్ఞవల్క్యుడు చెబుతాడు. వాయువనే దారం పోతే కీళ్ళు వదులవుతాయన్నది అందులోని భావం. ఇంతవరకు చూస్తే తీగ తెగిన బొమ్మ వేలు వేలాడటానికీ మృతదేహం చేయి వేలాడటానికీ ఒకే వివరణ సరిపోయినట్టుంటుంది. కాని ఉపనిషత్తు అక్కడ ఆగదు. రెండో ప్రశ్నకు సమాధానంగా భూమిలో ఉంటూ భూమికి తెలియకుండా భూమిని నియమించేవాడని మొదలుపెట్టి, అంతర్యామిని సూత్రంనుంచి వేరుచేసి వర్ణిస్తుంది. దారం పట్టి ఉంచుతుంది. తెలిసి నియమించేది దారం కాదు. ఈ భేదాన్ని పట్టుకుంటే బొమ్మ చేతి విషయంలో ఒక గందరగోళం తొలగిపోతుంది: తీగ మార్చినవాడు సూత్రాన్ని మార్చాడే గాని అంతర్యామి జోలికి పోలేదు, పోగలిగే వీలూ లేదు. బొమ్మ వేలు బిగువుగా నిలిచినప్పుడు అందులో ఏదో జీవం తిరిగి వచ్చినట్టు అనిపించడం ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపేయడం వల్ల పుట్టిన భావన.

బౌద్ధులు ఇదే బొమ్మను తీసుకుని పూర్తిగా ఎదురుదిశలో నడిచారు. తొలినాటి బౌద్ధ భిక్షుణుల పాటల సంకలనమైన థేరీగాథలో, తన అందాన్ని మెచ్చుకుంటూ వెంటబడిన యువకుడికి శుభ అనే భిక్షుణి మేకులతోనూ తంత్రులతోనూ బిగించి ఆడించే రంగుల కొయ్యబొమ్మలను గుర్తుచేస్తుంది. ఆ తంత్రులూ మేకులూ ఊడదీసి ముక్కలుగా పడేస్తే మనసు ఏ ముక్కమీద నిలుస్తుందన్నది ఆమె వాదం. తరువాతి కాలంలో విశుద్ధిమార్గం రాసిన బుద్ధఘోషుడు దీనినే శాస్త్రీయంగా చెప్పాడు: కొయ్యయంత్రం లోపల ఎవరూ లేకపోయినా కర్ర, తాడు కలిసినంతమాత్రాన నడుస్తున్నట్టు నిలబడుతున్నట్టు కనిపిస్తుంది, నామరూపాల కలయిక అయిన మనిషీ అంతే. ఈ వాదానికి బలం విప్పి చూపడంలో ఉంది. అయితే బాగుచేసేవాడి బల్లపైన కూడా బొమ్మ విప్పబడే ఉంటుందనీ, అతడు దాన్ని విప్పింది మళ్ళీ కలపడానికేననీ గమనిస్తే, శుభ చెప్పిన ఉపమానం అతడి విషయంలో సగంలోనే ఆగిపోతుంది. విప్పడం వైరాగ్యానికి చాలు. తిరిగి కలిపేవాడి మనసులో ఏముంటుందో చెప్పడానికి అది చాలదు.

కలిపిన తరువాత ఉన్నది పాత చేయేనా అన్నది తార్కికుల ప్రశ్న. న్యాయ వైశేషిక దర్శనాల ప్రకారం అవయవి, అంటే భాగాలతో ఏర్పడిన మొత్తం, భాగాల కుప్ప కాదు. వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉండే వేరొక ద్రవ్యం. బట్టనుంచి ఒక్క దారం లాగినా పాత బట్ట నశించి ఖండపటమనే కొత్త బట్ట పుడుతుందని వారు అంగీకరించక తప్పలేదు, ఎందుకంటే కారణమైన అవయవ సంయోగం పోయాక కార్యం నిలవడానికి ఆధారం లేదు. తర్కసంగ్రహకర్త, తెలుగువాడైన అన్నంభట్టు పుస్తకంతో తర్కం చదువుకున్న విద్యార్థి ఈ లెక్కన బొమ్మ చేతిలో తీగ మార్చగానే పాత చేయి నశించిందనీ, పాతదేనన్న గుర్తింపు సజాతీయత వల్ల కలిగిందనీ చెప్పవలసి ఉంటుంది. వాదం లోపరహితంగానే ఉంది. కాని ఈ సిద్ధాంతం ప్రకారం మరమ్మతు అనే పనే లోకంలో ఉండదు, ఎప్పుడూ జరిగేది పాతదాని నాశమూ కొత్తదాని పుట్టుకా మాత్రమే. చేతిపనివారెవరూ దీన్ని ఒప్పుకోరు, వారు ఒప్పుకోకపోవడమే సరైనదని కూడా అనిపిస్తుంది. మీమాంసకులు ఇక్కడ మరింత లోకజ్ఞానం చూపారు. జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో ప్రతినిధి విచారణ ఉంది: యజ్ఞానికి విధించిన ద్రవ్యం దొరకకపోయినా పాడైనా దానిని పోలిన మరో ద్రవ్యాన్ని వాడి కర్మను పూర్తిచేయవచ్చు గాని, దేవతకు, మంత్రానికి, చేయవలసిన క్రియకు ప్రతినిధి లేదు. ద్రవ్యం మారినా కర్మ అదే. ఈ కొలతతో చూస్తే అల్యూమినియం బదులు ఉక్కు తీగ, ఉక్కు బదులు రాగి తీగ వేయడంలో ఆక్షేపణ ఏమీ లేదు. ఆ చేయి ఎవరికోసం ఏ పనికి ఉందో అది మారితేనే చేయి మారినట్టు.

ఎవరికోసం, ఏ పనికి అన్న ఈ మాటనే పట్టుకుని ఆగమశాస్త్రాలు మరమ్మతును విధిగా మార్చాయి. ఆలయ నిర్మాణ, ప్రతిష్ఠ, పూజా విధానాలను చెప్పే ఈ గ్రంథాల్లో మట్టి, సున్నం బింబాలు చేసే పద్ధతి శూలస్థాపనతో మొదలవుతుంది: లోపల కర్రతో అస్థిపంజరం నిలిపి, దానికి తాళ్ళు చుట్టి, ఆపైన మట్టి మెత్తి, బట్ట అంటించి, రంగులు వేస్తారు. శూలం ఎముకలనీ, తాళ్ళు నాడులనీ, మట్టి మాంసమనీ, బట్ట చర్మమనీ వైఖానస ఆగమ గ్రంథాలు భావన చేస్తాయి. పూరీ జగన్నాథుని దారుమూర్తికి పట్టుదారాలు చుట్టి వాటిని నాడులుగా భావించడం ఇదే కోవలోనిది. బొమ్మల తయారీదారులు కొత్తగా కనిపెట్టామనుకునే లోపలి తీగ, అంటే కనిపించదని తెలిసీ శరీరశాస్త్రాన్ని అనుసరించి అమర్చే బంధం, ఈ దేశపు శిల్పులకు పాత సంగతే. అసలు విశేషం అది చెడినప్పుడు ఏంచేయాలో చెప్పిన తీరులో ఉంది. వివరాల్లో గ్రంథానికీ గ్రంథానికీ తేడాలున్నా, వేలో ఆభరణమో వంటి చిన్న భాగం దెబ్బతింటే సంధానం చేసుకోవచ్చనీ, తల వంటి ప్రధానాంగం పోతే ఆ బింబాన్ని విడిచి కొత్తది ప్రతిష్ఠించాలనీ జీర్ణోద్ధార ప్రకరణాలు స్థూలంగా నిర్ణయిస్తాయి. ఏది చేసినా ముందు కళాకర్షణ జరగాలి: బింబంలో నెలకొన్న శక్తిని మంత్రపూర్వకంగా జలకుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయం అనే తాత్కాలిక సన్నిధిలో ఉంచి, అక్కడే నిత్యపూజ సాగిస్తారు, పనివారి ఉలీ, సుద్దా, జిగురూ తాకేది అప్పుడు మిగిలిన ద్రవ్యాన్ని మాత్రమే. పని ముగిశాక సంప్రోక్షణతో శక్తిని తిరిగి బింబంలోకి తెస్తారు. తిరుమలలో పన్నెండేళ్ళకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం 2018 ఆగస్టు 12 నుంచి 16 వరకు ఈ క్రమంలోనే జరిగింది.

కళాకర్షణను నమ్మనివారికి కూడా అందులోని వివేకం అందుతుంది. పూజ్యమైనదాన్ని కోయరాదు, కోయకుండా బాగుచేయడం కుదరదు. ఈ చిక్కును ఆగమం పూజ్యతను కొట్టివేసి గాని, కోతను దాచిపెట్టి గాని పరిష్కరించలేదు. పూజ్యత ఒకచోట, ద్రవ్యం మరోచోట కొన్నాళ్ళు విడిగా ఉండవచ్చని ఒప్పుకుని, ఆ విడి కాలానికి ఒక ఇల్లు కట్టించింది. శుభ చూసిన విప్పిన బొమ్మకూ కొలువులోని బొమ్మకూ మధ్య దారి ఇక్కడ దొరుకుతుంది. పూరీలో పాత దారుమూర్తుల స్థానంలో కొత్తవి నిలిపే నవకళేబర సమయంలో, ఇటీవల 1996లోనూ 2015లోనూ జరిగినట్టు, మూర్తి లోపల ఉండే బ్రహ్మపదార్థాన్ని పాతదానినుంచి కొత్తదానికి మార్చే దైతాపతులనే సేవకులు కళ్ళకు గంతలు కట్టుకుని, చేతులకు బట్ట చుట్టుకుని ఆ పని చేస్తారన్నది ప్రసిద్ధం. చేతికి వస్తువు అందాలి, స్పర్శకూ చూపుకూ అందకూడదు. మరమ్మతు చేసేవాడి మర్యాదకు ఇంతకన్నా తీవ్రమైన రూపం మరొకటి ఉండదేమో.

జపాన్‌లో ఈ మర్యాద యంత్రాలవరకూ వెళ్ళింది. సోనీ సంస్థ 1999లో విడుదలచేసిన ఐబో అనే యంత్రపు కుక్క తయారీ 2006లో ఆగిపోయి, 2014లో కంపెనీ మరమ్మతులు కూడా మానేసిన తరువాత, మాజీ సోనీ ఇంజనీర్లు నడిపే ఎ-ఫన్ అనే సంస్థ వాటిని బాగుచేయడం చేపట్టింది. విడిభాగాలు కొత్తవి దొరకవు కనుక పనికిరాని ఐబోలనుంచి తీయాలి. తీసేముందు చిబా ప్రాంతంలోని ఇసుమి పట్టణంలో ఉన్న కోఫుకుజీ బౌద్ధాలయంలో వాటికి 2015 నుంచి అంత్యక్రియలు జరిపించారు. ముందు సాగనంపడం, ఆ తరువాతే స్క్రూ విప్పడం. కళాకర్షణతో దీనికి పోలిక స్పష్టంగానే ఉంది, తేడా కూడా అంతే స్పష్టం: అక్కడ వెళ్ళిపోయినదాన్ని తిరిగి పిలవరు. పాత బొమ్మలకు గుడిలో వీడ్కోలు పూజ చేయించే ఆచారం ఆ దేశంలో అంతకుముందునుంచే ఉంది. మనిషిని పోలే కొద్దీ ఇష్టం పెరిగి, ఒక స్థాయి దాటాక హఠాత్తుగా జుగుప్సగా మారుతుందని 1970లో ప్రతిపాదించిన జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరీ, తన వాదానికి ఉదాహరణగా తీసుకున్న వస్తువుల్లో కృత్రిమ హస్తం ఒకటి: చూడటానికి నిజమైన చేయిలాగే ఉన్నదాన్ని పట్టుకోగానే చల్లగా, ఎముకలేని మెత్తదనంతో తగిలితే మనిషి ఉలిక్కిపడతాడు. ఆ మోరీయే తరువాత రోబోలోనూ బుద్ధస్వభావం ఉందని వాదిస్తూ పుస్తకం రాశాడు. చేయి భయపెట్టేది అది నిర్జీవమైనందుకు కాదు, సజీవమని ఒక్క క్షణం నమ్మించినందుకు.

కొలువులోని బొమ్మకూ, దుకాణపు బొమ్మకూ, ఒంటరివాళ్ళు పక్కన కూర్చోబెట్టుకునే సిలికోన్ బొమ్మకూ ప్రాణప్రతిష్ఠ జరగలేదు. కనుక ఆగమం ప్రకారం వాటినుంచి ఆకర్షించవలసిన కళా లేదు, బాలాలయమూ అక్కర్లేదు. అయినా వాటి విషయంలో ఒక సంగతి మిగిలిపోతుంది, అది తీగ స్వభావంలోనే ఉంది. తోలుబొమ్మనో కీలుబొమ్మనో ఆడించేవాడు వేరే ఉంటాడు, ఆట ముగిస్తే చేయి వాలిపోతుంది. తీగ వేసిన చేయి అలా వాలదు. చివరిసారి తాకినవారు వేలిని ఎలా ఉంచారో అలాగే ఉంచుతుంది. ఎక్కువసార్లు సర్దినవారి బొమ్మ చేయే ముందుగా తెగుతుంది కూడా, లోహపు అలసట లెక్క అదే కనుక. కాబట్టి తెగిన తీగలో ఉన్నది బొమ్మ ప్రాణం కాకపోయినా ఒక మనిషి శ్రద్ధ తాలూకు జాడ. ఆలయాల్లోనూ ఇంతే: తరచూ జరిగే అభిషేకాల వల్ల ఉత్సవమూర్తులు అరుగుదలకు లోనవుతాయి, తిరుమలలో వారం వారం జరిగే కొన్ని అభిషేక సేవలను ఇటీవలి కాలంలో తగ్గించడానికి కారణం కూడా ఉత్సవమూర్తుల అరుగుదలే. సేవే బింబాన్ని అరగదీస్తుందని ఒప్పుకున్న సంప్రదాయం మరమ్మతును అపచారంగా చూడలేదు. ఇంటి బొమ్మ చేతిని కోసేవాడు మొక్కవలసిన పని లేదు, నవ్వవలసిన పని అంతకన్నా లేదు. ఆ బొమ్మను అప్పగించినవారి శ్రద్ధను ఎదుటపెట్టుకుని, కోత లోతు తగ్గించి, తీగ కొస గుండ్రం చేసి, వేలును వారు ఉంచిన తీరులోనే నిలిపి ఇస్తే, శాస్త్రం అడగగలిగిన మర్యాద అంతా అందులో ఉంది.

ఇక బాగుకాని బొమ్మ సంగతి. మట్టి విశ్వకర్మ పూజ ముగిశాక నీళ్ళలో కలుస్తాడు, ఆ కలవడం విధిలో భాగం. బాగ్‌బేరాలో బడౌదా ఘాట్ దగ్గర ఖర్కాయి ఒడ్డున ఈ దృశ్యం ఏటా కనిపించేదే. కళ తొలగిన ద్రవ్యం పంచభూతాల్లో కలిసిపోవాలన్న నియమం మట్టికీ గడ్డికీ చెల్లుతుంది, సిలికోన్‌కూ ప్లాస్టిక్‌కూ తీగకూ చెల్లదు, అవి కరగవు గనుక. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో జారీచేసి 2020లో సవరించిన నిమజ్జన మార్గదర్శకాలు కూడా సహజమైన మట్టినీ పదార్థాలనూ వాడాలని, కరగని అలంకరణలను నిమజ్జనానికి ముందే తీసివేయాలని చెబుతున్నాయి. కొలువు బొమ్మైనా, మండపంలోని ప్రతిమైనా, తీగా మేకూ ఊడదీసి పాత ఇనుము వారికి ఇచ్చి, మట్టిని మాత్రమే ఖర్కాయికి అప్పగించండి.